కాటా ఎక్కించే ముందు అంచు చదవండి

జహీరాబాద్, సంగారెడ్డి, బీదర్, హైదరాబాద్ బజార్లలో పాత వెండి, పాత సామాను కొని అమ్మే వ్యాపారులకు, కుదువ దుకాణాల యజమానులకు, వెండి కరిగించే కంసాలి పెద్దలకు,

"పేరు ఎవరిదైతే మాకేం, వెండి ఎంతుందో అదే లెక్క." పాత సైనిక పతకం చేతికొచ్చినప్పుడు మీలో చాలామంది అనే మాట ఇది. ఈ లేఖ ఆ మాట మీదే. మీ వ్యాపారం మీద కాదు, మీ లాభం మీద కాదు. ఒక మనిషి పేరు చెక్కి ఉన్న వస్తువును పేరు లేని ముద్దగా మార్చే హక్కు మీకు ఎవరిచ్చారన్నదే ప్రశ్న.

కిలో వెండి లక్ష రూపాయలు దాటాక ఊళ్లల్లో పాత పెట్టెలు తెరుచుకున్నాయి. తెగిన పట్టీలు, సొట్టపడ్డ గ్లాసులు, కుంకుమ భరిణెలతో పాటు అప్పుడప్పుడు ఒక గుండ్రటి బిళ్ల కూడా బయటికి వస్తుంది. ఒకవైపు ఐదో జార్జి తల. రెండోవైపు గుర్రమెక్కిన ఒక దిసమొల వీరుడు, అటూ ఇటూ 1914, 1918 అన్న అంకెలు. గుర్రం డెక్కల కింద నలుగుతున్న డాలు మీద డేగ బొమ్మ ఉంటుంది. ఆ డేగ జర్మనీకీ దాని మిత్రదేశాలకూ గుర్తు. దీని పేరు బ్రిటిష్ వార్ మెడల్. 36 మిల్లీమీటర్ల వ్యాసం, నూటికి 92.5 పాళ్లు వెండి, బరువు దాదాపు మూడు తులాలు. కిలో లక్ష లెక్కన కరిగిస్తే మూడు వేల రూపాయల లోపు. మీ కాటా చెప్పగలిగింది ఇంతే.

కాటా చెప్పలేనిది అంచు మీద ఉంది. భూతద్దం పెట్టి పతకాన్ని మెల్లగా తిప్పితే సన్నటి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. సిపాయి నంబరు, హోదా, పేరు, దళం. సవార్ అనో, దఫేదార్ అనో, రిసాల్దార్ అనో ఉంటే అతను గుర్రపు దళం మనిషి. సిపాయి, నాయక్, హవల్దార్ అని ఉంటే కాల్బలం. మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి 13 లక్షల మందికి పైగా పనిచేశారు, సుమారు 74 వేల మంది చనిపోయారు. వాళ్లలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. డైరీలు రాసినవాళ్లు, ఫొటోలు దిగినవాళ్లు కొద్దిమందే. చాలామంది విషయంలో ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క రాతపూర్వక సాక్ష్యం ఆ అంచు మీది వరుస. పంజాబ్ సిపాయిల రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దశాబ్దాల తరబడి పడి ఉంటే, వాటిలోని సుమారు 3 లక్షల 20 వేల మంది వివరాలు 2021 నుంచి ప్రజల ముందుకు రావడం మొదలైంది. మనవళ్లు, మునిమనవళ్లు వెతుక్కుంటూ వచ్చి తమ ఊరి పేరు చూసుకున్నారు. దక్కను సిపాయి మునిమనవడు ఏ రిజిస్టరు తెరవాలి? అతని ముత్తాత పేరున్న ఒక్క బిళ్ల మీ మూసలో పడితే ఇక అతను ఎక్కడికి పోవాలి?

ఇది ఇప్పుడే మొదలైన జబ్బు కాదు. 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరులు వెండిని గుట్టలుగా కొని ధరను ఔన్సు 50 డాలర్ల దగ్గరికి తీసుకెళ్లారు. ఆ వేడిలో ఇంగ్లండులోనూ ఇతర దేశాల్లోనూ ఈ పతకాలు విపరీతంగా కరిగిపోయాయి. అందుకే ఇప్పటికీ సేకర్తల దగ్గర చాలాసార్లు కంచు విక్టరీ మెడల్ ఒక్కటే దొరుకుతుంది, దాని జత వెండి పతకం దొరకదు. ఆ ధర నెలల్లోనే కూలిపోయింది. కరిగిన పేర్లు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు మళ్లీ వెండి పెరుగుతోంది. అదే తప్పు మన బజార్లో మళ్లీ జరగాలా?

ఈ గడ్డకు ఆ యుద్ధంతో ఏం సంబంధం అని మీలో కొందరు అడగొచ్చు. 1916 జూలై 14న ఫ్రాన్సులోని సొమ్ దగ్గర హైవుడ్ అనే అడవి అంచున, మెషీన్‌గన్లు పట్టుకున్న జర్మన్ల మీదికి ఈటెలు చేతబట్టి గుర్రాలు దూకించిన దళాల్లో ఒకటి 20వ దక్కన్ హార్స్. అది పాత హైదరాబాద్ కంటింజెంట్ వారసత్వం ఉన్న దళం. ఆ రోజు అది పోరాడిన బ్రిగేడ్ పేరే సికింద్రాబాద్ బ్రిగేడ్. దాడికి ముందు లోయలో గుర్రాలతో బారులు తీరిన ఆ సవార్ల ఫొటో మొదటి ప్రపంచ యుద్ధం పుస్తకాలు ఎన్నిట్లోనో కనిపిస్తుంది. ఆ ఫొటోలో ముఖాలు ఉన్నాయి, పేర్లు లేవు. పేర్లు పతకాల అంచుల మీద ఉన్నాయి.

హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు మరోవైపు పోయారు. సూయజ్ కాలువ కాపలా నుంచి పాలస్తీనా దాకా జర్మన్ అధికారులు నడిపిన ఉస్మానీ (ఒట్టోమన్ టర్కీ) సైన్యాలకు ఎదురు నిలిచారు. 1918 సెప్టెంబర్ 23న హైఫా కొండ మీదికి దౌడు తీసి ఊరు పట్టుకున్నది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. హైదరాబాద్ లాన్సర్లు అదే బ్రిగేడ్ వాళ్లు. ఢిల్లీలో 1922లో నిలబెట్టిన తీన్‌మూర్తి విగ్రహాల్లో మూడోది వాళ్లదే. 2018లో ఆ కూడలికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు పెడుతుంటే ఇద్దరు ప్రధానమంత్రులు వచ్చి నిలబడ్డారు. విగ్రహానికి అంత మర్యాద చేసిన దేశంలో, ఆ విగ్రహం ఏ సిపాయిల కోసమో వాళ్ల పతకాన్ని గ్రాముల్లో కొలవడం ఎట్లా సబబు?

జహీరాబాద్ మాటే తీసుకోండి. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. నిజాం రాజ్యానికి ఇది నడిమధ్య. 1948 సెప్టెంబర్‌లో మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నడిపిన భారత సేనలు షోలాపూర్ వైపు నుంచి హైదరాబాద్‌కు దిగినప్పుడు నడిచింది ఈ రోడ్డు మీదే. సెప్టెంబర్ 16న జహీరాబాద్ దారిలో మందుపాతరలు తీసుకుంటూ, బీదర్ రోడ్డు కలిసే చోట కాల్పులు తట్టుకుంటూ, చీకటి పడేసరికి ఊరు దాటి 15 కిలోమీటర్లు పోయారు. రెండు రోజుల తర్వాత సికింద్రాబాద్‌లో చౌదరికి లొంగిపోయిన నిజాం సేనాని ఎల్ ఎద్రూస్, యువకుడిగా పాలస్తీనాలో హైదరాబాద్ లాన్సర్లతో ఉన్న మనిషే. తర్వాత నిజాం సైన్యం రద్దయింది. మనుషులు ఊళ్లకు చేరారు. పతకాలు, టోపీ బిళ్లలు, భుజం మీది అక్షరాలు, బెల్టు కట్లు వాళ్లతో పాటే చేరాయి. కొన్నాళ్లు భయంతో, కొన్నాళ్లు నిర్లక్ష్యంతో పెట్టె అడుగున ఉండిపోయాయి. ఇప్పుడు మీ గల్లా ముందుకు వస్తున్నాయి. ఇక్కడి నుంచి తూర్పున హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్, పడమరన ముంబై చోర్ బజార్. రెండిటి మధ్య జాతీయ రహదారి మీద కూర్చున్న మీరే మొదటి చెయ్యి. వస్తువు ఏ ఇంటి నుంచి వచ్చిందో తెలిసే అవకాశం మీ ఒక్కరికే ఉంది. రెండో చెయ్యి మారాక ఆ సమాచారం ఏ నిపుణుడూ తిరిగి తేలేడు.

ఆ మొదటి చెయ్యి ఏం చేస్తోంది? తెచ్చిన మూడు పతకాల్లో వెండిదాన్ని విడదీస్తుంది. కంచువి రెండూ పాత ఇత్తడి బుట్టలోకి పోతాయి. మట్టి పట్టిన రిబ్బన్ కత్తిరించి పారేస్తుంది. మెరిస్తే బాగుంటుందని చింతపండు, బూడిద వేసి తోముతుంది. వందేళ్లుగా పట్టిన ఛాయ ఐదు నిమిషాల్లో పోతుంది, అంచు మీది అక్షరాలు మొద్దుబారతాయి. కంచు నక్షత్రం వెనకవైపున కూడా పేరు ఉంటుందని ఎవరూ తిప్పి చూడరు. ఆ నక్షత్రం పేరు 1914-15 స్టార్. అది ఉన్నవాడు 1915 ముగిసేలోపే యుద్ధభూమిలో అడుగుపెట్టినవాడు. మూడూ ఒకచోట ఉంటే ఒక మనిషి సైనిక జీవితం మొత్తం చదవొచ్చు. విడిపోతే మూడు లోహపు ముక్కలు.

వెండినే గీటురాయిగా పెట్టుకుంటే జరిగే అన్యాయం ఇంకొకటి ఉంది. బ్రిటిష్ వార్ మెడల్ మొత్తం 65 లక్షల దాకా ఇచ్చారు. అందులో సుమారు 1,10,000 మాత్రం కంచుతో చేసినవి. తుపాకీ పట్టని వాళ్లకు, అంటే మూటలు మోసిన, రోడ్లు వేసిన, కందకాలు తవ్విన చైనా, మాల్టా, భారత కూలీ దళాల వాళ్లకు అవి ఇచ్చారు. పేదవాడికి పతకంలోనూ వెండి దక్కలేదు. చరిత్రకు ఈ కంచు బిళ్ల ఎంతో అరుదైనది. మీ దుకాణంలో దానికి దక్కేది తుక్కు ధర. రెండో ప్రపంచ యుద్ధపు వార్ మెడల్ రాగి, నికెల్ కలిపి చేసింది. దానికీ అదే గతి. ఆ యుద్ధంలో బ్రిటిష్ సిపాయిలకు పేరు లేని పతకాలు ఇచ్చారు గానీ, భారత సిపాయిలకు ఇచ్చిన వాటి మీద పేర్లు కొట్టించారు. అంత అరుదుగా దొరికిన పేరును కూడా చూడకుండా పారేస్తే ఎలా?

ఇక "జర్మన్ మాల్" సంగతి. వెండి లేని పతకాన్ని చులకన చేసే బజారే, "జర్మన్" అన్న మాట తగిలిస్తే ధర పదింతలు చెబుతుంది. అసలైన జర్మన్ వస్తువులు దక్కనుకు వచ్చే దారి లేకపోలేదు. యుద్ధంలో గెలిచినవాడు ఓడినవాడి బెల్టు కట్టు, టోపీ బిళ్ల, ఐరన్ క్రాస్ జేబులో వేసుకుని రావడం ఏ సైన్యంలోనైనా ఉన్నదే. "దేవుడు మాతో ఉన్నాడు" అని జర్మన్‌లో రాసి, నడుమ కిరీటం ఉన్న ప్రష్యన్ బెల్టు కట్టు ఒకటి లాన్సర్ ఇంట్లో దొరికిందంటే నమ్మొచ్చు. కానీ మీరు అద్దాల బీరువాలో పెట్టేవాటిలో అసలువెన్ని, నిన్న పోతపోసినవెన్ని? తేడా కనిపెట్టడం అంత కష్టమా?

కాదు. ఐరన్ క్రాస్‌ను ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ 1813 మార్చి 10న నెపోలియన్ మీద యుద్ధం కోసం ఏర్పాటు చేశాడు. 1870లో, 1914లో, 1939లో మళ్లీ మళ్లీ ఇచ్చారు. 1914 నాటి రెండో తరగతి పతకానికి ఒకవైపు కిరీటం, డబ్ల్యూ అక్షరం, 1914 ఉంటాయి. రెండోవైపు ఓక్ ఆకులు, ఎఫ్.డబ్ల్యూ. అక్షరాలు, 1813 ఉంటాయి. 1813 చూసి రెండు వందల ఏళ్లనాటి పతకమని అమ్మేవాళ్లు ఉన్నారు. ఆ అంకె ఏర్పాటు చేసిన సంవత్సరమే గానీ, చేసిన సంవత్సరం కాదు. అసలుది మూడు ముక్కల పని. నడుమ నల్లరంగు వేసిన ఇనుప గుండె, దాన్ని రెండువైపులా బిగించి అతికిన వెండి చట్రం. అయస్కాంతం దగ్గర పెడితే గుండె అతుక్కుంటుంది. అంచున అతుకు గీత సన్నగా తెలుస్తుంది. పైనున్న కడియం మీద చాలాసార్లు తయారీదారు గుర్తు కనిపిస్తుంది. ఇత్తడి ఏకపోతకు అయస్కాంతం అంటదు. అయస్కాంతం అంటినంత మాత్రాన అసలుదని కాదు, ఇనుముతో కూడా నకిలీలు చేస్తారు. కానీ మొదటి అబద్ధాన్ని పట్టుకోవడానికి కొద్ది రూపాయల అయస్కాంతం ముక్క చాలు. బంగారాన్ని గీటురాయి మీద గీసి చూడకుండా కొనని మీకు ఇది పెద్ద పనా?

ఆ యుద్ధంలో రెండో తరగతి ఐరన్ క్రాస్‌లు 50 లక్షల దాకా ఇచ్చారు. అపురూపమేమీ కాదు. 1914-18 యుద్ధంలో ఉన్నవాళ్లకు 1934లో హిండెన్‌బర్గ్ పేరు మీద ఇచ్చిన గౌరవ క్రాస్ 80 లక్షలకు పైగా పంచారు. కత్తులు ఉంటే పోరాడినవాడిది, లేకపోతే యుద్ధానికి వెనక నుంచి పనిచేసినవాడిది. అంత ఎక్కువగా దొరికేదాన్ని "ప్రపంచంలో పది మాత్రమే ఉన్నాయి" అని అమ్మడం కొనేవాడిని మోసం చేయడమే. 1957లో పశ్చిమ జర్మనీ చట్టం చేసి, పాత సైనికులు స్వస్తిక్ తీసేసిన పతకాలు ధరించడానికి అనుమతించింది. ఆ కొత్త రూపాలు కూడా బజార్లో "యుద్ధకాలం నాటివి" అయిపోతున్నాయి. స్వస్తిక్ ఉండాల్సిన చోట ఓక్ ఆకులు కనబడితే అది 1957 తర్వాతిదని చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు.

హైదరాబాద్ బజార్‌కు ప్రత్యేకంగా చెప్పాల్సిన వస్తువు ఒకటుంది. ఐదు మూలల నక్షత్రం, ఎర్ర ఎనామిల్, నడుమ నెలవంక, సుల్తాన్ సంతకపు ముద్ర, దాని కింద అరబ్బీ అంకెల్లో 1333. దక్కనులో పెరిగినవాడు ఎవడైనా దాన్ని నిజాం పతకం అనేస్తాడు. మన నిజాం నాణేల మీద కూడా హిజ్రీ సంవత్సరాలే కదా. కానీ అది ఉస్మానీ యుద్ధ పతకం. జర్మన్లు ముద్దుగా ఐరన్ క్రెసెంట్ అన్నది దాన్నే. ఉస్మానీ సేనలతో కలిసి పోరాడిన జర్మన్లూ దాన్ని ధరించారు, వాళ్ల కోసం జర్మనీలోనే కర్మాగారాలు తయారుచేశాయి కూడా. ఇలాంటి నక్షత్రం హైదరాబాద్‌కు రెండు రకాలుగా రావొచ్చు. పాలస్తీనా నుంచి తిరిగొచ్చిన లాన్సర్ జేబులో రావొచ్చు. 1931లో నిజాం కొడుకులు ఇద్దరు ఉస్మానీ ఇంటి ఆడపిల్లలు దుర్రుషెహ్వార్, నీలోఫర్‌లను పెళ్లాడాక ఆ బంధుత్వాల దారిలో రావొచ్చు. రెండు దారులు, రెండు వేరు వేరు కథలు. ఏది నిజమో నక్షత్రం చెప్పదు. తెచ్చి ఇచ్చిన మనిషి చెప్పాలి. ఆ మనిషిని "ఇది మీ ఇంటికెట్లా వచ్చింది?" అని అడిగే అవకాశం మీకు తప్ప ఇంకెవరికి ఉంది?

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. బ్రిటిష్ వైమానిక దళం బిళ్ల మీద నిజాం దస్తార్ కనిపిస్తే ఎవరైనా నకిలీ అనుకుంటారు. అది నకిలీ కాదు. 1940లో బ్రిటన్ ఆకాశంలో స్పిట్‌ఫైర్‌లతో జర్మన్ విమానాలను ఎదుర్కొన్న 152వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. దాని చిహ్నం నిజాం తలపాగా. అంతకు ముందు 1918లో జర్మన్ ఊళ్ల మీద బాంబులు వేసిన 110వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే, ఎందుకంటే దాని డీహెచ్-9ఏ విమానాలకు డబ్బిచ్చింది నిజాం. ఆ డబ్బు మన ఊళ్ల శిస్తు నుంచి వచ్చింది. ఇంతగా మన ఇంటిదైన చిహ్నాన్ని "ఇంగ్లీషువాళ్ల డూప్లికేట్" అని తుక్కులో వేస్తే, రేపు దాన్ని ఎవరు గుర్తుపడతారు?

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఆజాద్ హింద్ పతకాల దగ్గర. సుభాష్ చంద్రబోస్ 1942లో జర్మనీలో ఉండగా వీటిని ఏర్పాటు చేశారు. షేర్-ఏ-హింద్, సర్దార్-ఏ-జంగ్, వీర్-ఏ-హింద్, షహీద్-ఏ-భారత్. యుద్ధంలో సంపాదించినవాటికి కత్తులుంటాయి. వియన్నాలోని రుడాల్ఫ్ సువాల్ కంపెనీ వీటిని తయారుచేసింది. జర్మన్లకు చిక్కిన భారత బందీల నుంచి కూడగట్టిన ఇండియన్ లీజియన్‌లో సుమారు మూడు వేల మంది ఉండేవారు. వాళ్ల చొక్కా చేతి మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ మీద దూకే పులి ఉండేది. ఇబ్బంది ఎక్కడంటే, సువాల్ కంపెనీ యుద్ధం ముగిశాక కూడా అవే పతకాలను సేకర్తల కోసం మళ్లీ కొట్టింది. అదే కంపెనీ, అదే నమూనా. అసలుదానికీ తర్వాతిదానికీ తేడా చెప్పగలిగేది ఆ పతకం ఏ మనిషి చేతి నుంచి వచ్చిందన్న ఆధారం ఒక్కటే.

ఈ కథకు హైదరాబాద్‌లోనే వేరు ఉంది. ఇంజినీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లిన హైదరాబాదీ ఆబిద్ హసన్ అక్కడ బోస్‌కు కార్యదర్శి అయ్యారు. 1943 ఫిబ్రవరిలో ఇద్దరూ యు-180 అనే జర్మన్ జలాంతర్గామిలో బయల్దేరారు. ఏప్రిల్‌లో మడగాస్కర్ దగ్గర అల్లకల్లోలమైన సముద్రంలో రబ్బరు తెప్ప మీద జపాన్ జలాంతర్గామి ఐ-29కు మారారు. "జై హింద్" నినాదాన్ని ఇచ్చింది ఆయనేనని చెబుతారు. తర్వాత ఇంఫాల్ యుద్ధరంగం, స్వాతంత్ర్యం వచ్చాక డెన్మార్క్‌లో భారత రాయబారి పదవి. 1984లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. అలాంటి మనుషులు తిరిగిన ఊళ్లో ఆజాద్ హింద్ గుర్తు ఒకటి ఏ ఇంట్లోనైనా దొరకొచ్చు. అది దొరికిన రోజు మీరు రసీదు లేకుండా కొని, పేరు రాయకుండా ముంబైకి అమ్మేస్తే, నిజమైన పతకం కూడా నకిలీల కుప్పలో కలిసిపోతుంది. అలాంటి నష్టాన్ని ఏ ధర పూడుస్తుంది?

నాజీ గుర్తులను ఫ్యాషన్ సామానుగా అమ్మడం గురించి ఒక మాట సూటిగా చెప్పాలి. 1939 ఐరన్ క్రాస్, గ్రద్ద బిళ్లలు, పుర్రె గుర్తులు చరిత్ర వస్తువులే. చదువుకునేవాళ్లు, మ్యూజియంలు వాటిని దాచాలి. కానీ 60 లక్షల మంది యూదులను చంపిన ప్రభుత్వపు గుర్తును "స్టైల్" అని, బైక్ తాళాల గుత్తికి వేసుకోమని పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అంటగట్టడం వేరు. జర్మనీలో వాటిని బహిరంగంగా ప్రదర్శిస్తే క్రిమినల్ చట్టంలోని 86ఏ సెక్షన్ కింద నేరం. మన దేశంలో ఆ నిషేధం లేదు. లేదు కాబట్టే బాధ్యత పోలీసుల మీద కాకుండా మీ మీద పడింది. పక్కన నాలుగు వాక్యాల చీటీ పెట్టకుండా ఆ వస్తువును బీరువాలో ఎందుకు నిలబెడుతున్నారు?

చట్టం సంగతికొస్తే, 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం మీలో చాలామందికి రాతి విగ్రహాల చట్టంగానే తెలుసు. ఆ చట్టం నూరేళ్లు నిండిన "చారిత్రక ప్రాధాన్యం ఉన్న వస్తువు"ను కూడా పురావస్తువుగానే చూస్తుంది. 1914 ఐరన్ క్రాస్‌కు, 1333 హిజ్రీ నక్షత్రానికి, 1919లో ఏర్పాటు చేసిన బ్రిటిష్ వార్ మెడల్‌కు నూరేళ్లు దాటాయి. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి. లైసెన్సు ఉన్నవాళ్లు రిజిస్టర్లు, ఫొటోలు, లెక్కలు ఉంచాలి. ప్రైవేటు వ్యక్తి వాటిని దేశం దాటించడం నేరం. "పార్సెల్‌లో పోస్టు చేశాం, అంతే" అన్న సమాధానం ఈ చట్టం ముందు నిలబడదు. ఇది బెదిరింపు కాదు. మీ దుకాణంలో ఉన్నది తుక్కు కాదని మీకన్నా ముందే శాసనం ఒప్పుకుందని గుర్తు చేయడం.

వ్యాపారికి పొట్ట ఉంటుంది. అమ్మడానికి వచ్చినవాళ్లకూ అవసరం ఉంటుంది. ఆసుపత్రి బిల్లుకో, పిల్ల ఫీజుకో పతకం తెచ్చిన ఇంటిని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ పేరున్న పతకాల జత, రిబ్బన్లతో, ఎక్కడి నుంచి వచ్చిందో రాసిన కాగితంతో ఉంటే సేకర్త దానికి వెండి ధరకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తాడు. అంటే అంచు చదవని వ్యాపారి చరిత్రనే కాదు, ఎదురుగా కూర్చున్న పేదింటి మనిషిని కూడా ముంచుతున్నాడు. ఆ మనిషికి తెలియదు. మీకు తెలిసే వీలుంది. మీ నమ్మకం మీద బతికే వ్యాపారంలో ఇది చిన్న విషయమా?

జహీరాబాద్ పక్కనే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు కొర్ర, సామ, అండు కొర్రల విత్తనాలను రకం రకం విడిగా, పేరు పేరునా దాచాయి. అంగడిలో ధర లేని రోజుల్లో దాచాయి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాల ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు పోతే విత్తనం పోయినట్టేనని ఈ ప్రాంతపు ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అదే నేల మీద దుకాణం పెట్టుకున్న మీరు ఒక పేరును మూసలో వేస్తుంటే చూస్తూ ఊరుకోవడం సాధ్యం కాదు.

మిమ్మల్ని అడుగుతున్నది ఎక్కువేమీ కాదు. సైనిక పతకం, బిళ్ల, బెల్టు కట్టు ఏది వచ్చినా కాటా ఎక్కించే ముందు అంచు, వెనకవైపు చదవండి. చదవడం రాకపోతే స్కూలు పిల్లాడితో చదివించండి. తోమకండి. రిబ్బన్ కత్తిరించకండి. జత విడదీయకండి. రెండువైపులా, అంచుతో సహా ఫోనులో ఫొటో తీసి, ఏ ఊరి నుంచి వచ్చింది, ఆ ఇంట్లో ఎవరు సైన్యంలో పనిచేశారు, వాళ్ల గురించి ఇంట్లో ఏం చెప్పుకునేవారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. ఇచ్చినవాళ్లకు ఇష్టం లేకపోతే వాళ్ల పేరు రాయకండి, పతకం మీది పేరు మాత్రం వదలకండి. బ్రిటిష్ వార్ మెడల్ వ్యాసం 36 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే పాత పేరు గీకి కొత్త పేరు కొట్టారేమో అనుమానించండి. నెల రోజులు ఆగండి. ఆ నెలలో ఆ ఊరి సర్పంచ్‌కు, లైబ్రరీకి ఒక ఫోన్ చేయండి. మాచ్నూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో మన చేతికి అందే దూరంలో ఉంది. "ఫలానా దళం సవార్, ఫలానా పేరు, ఇంటివాళ్లు ఎవరైనా ఉన్నారా" అని అక్కడ అడిగించడానికి ఒక్క పూట చాలు. ఇంటివాళ్లు దొరకకపోతే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి ఆ ఫొటోలు పంపండి.

బీదర్, జహీరాబాద్, సంగారెడ్డి, జుమ్మెరాత్ బజార్ వ్యాపారులు మీ సంఘాల్లో ఈ తీర్మానం పెట్టుకోవడానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. పేరున్న ఏ సైనిక పతకాన్నీ కరిగించబోమని ఒక కాగితం మీద రాసి దుకాణం ముందు అతికించండి. మొదటి కాగితం ఏ దుకాణం మీద, ఏ తేదీన కనిపిస్తుందో మీ నుంచి జవాబు రావాలి.

ఇట్లు,
జహీరాబాద్ నుంచి ఒక పౌరుడు